చిరపుంజి కొండమీద వడ్రంగి పాదిరి

మా చెల్లెలి కూతురు బెంగళూరులో పనిచేసే చోట ఒక ఖాసీ అమ్మాయి ఉంది, మేఘాలయ కొండల జాతి. షిల్లాంగు పిల్ల. పోయిన ఉగాదికి మా ఇంటికి వచ్చినప్పుడు కడపలో చూపించడానికి నా దగ్గర ఉన్నదేముంది, బ్రౌన్ లైబ్రరీకి తీసుకెళ్ళాను. బ్రౌన్ దొర బంగళా ఉన్న చోటే అది కట్టారనీ, ఆయన పోగుచేయకపోతే మన కావ్యాలు ఎన్నో చెదలకు పోయేవనీ చెబుతుంటే ఆ అమ్మాయి చాలాసేపు ఊరుకుని, "మీకు పుస్తకాలు మిగిల్చాడు. మాకు ఒకాయన అక్షరాలే ఇచ్చాడు ఆంటీ. వడ్రంగి ఆయన" అంది.

ఆయన పేరు థామస్ జోన్స్. బ్రిటన్‌లోని వేల్స్ వాడు, ప్రెస్బిటేరియన్ పాదిరి. 1841 జూన్ 22న చిరపుంజి చేరాడు. మేఘాలయ ప్రభుత్వం ఆ తేదీని 2018లో థామస్ జోన్స్ దినంగా ప్రకటించింది. నేను క్రైస్తవురాలిని కాను. కానీ ముప్ఫై ఏళ్ళు పలకల మీద అక్షరాలు దిద్దించినదాన్ని. అదే తేదీకి అక్కడ ఉండాలనిపించింది. జూన్‌లో చిరపుంజికి ఎవరైనా పోతారా అని ఇంట్లో అందరూ అడ్డుపడ్డారు. మా పిల్ల ఒక్కతే, "పద పెద్దమ్మా, తడుద్దాం" అంది.

జూన్ 20, గురువారం. షిల్లాంగు దారి

గువాహటి నుంచి షేర్ సుమోలో తలా 500. కొండ మొదలయ్యాక నాంగ్‌పోహ్ దగ్గర ఆపాడు. రోడ్డు పొడుగునా అనాసపండ్ల గుట్టలు. ఒకామె పండును చెక్కి, నిలువుగా చీల్చి, ఉప్పూ కారం చల్లి 40 రూపాయలకు చేతిలో పెట్టింది. ఆ తీపికి ఆ కారం తోడైతే మా సీమ నాలుక్కి ఇంకేం కావాలి. డబ్బులిస్తే రెండు చేతులా తీసుకుని "ఖుబ్లేయ్" అంది. నమస్కారమన్నా, దీవెనన్నా, థాంక్సన్నా అదే మాట. ఆడవాళ్ళను "కాంగ్" అని పిలవాలి, అంటే అక్క. మగవాళ్ళను "బాహ్", అన్న. వరస కలపకుండా పిలవడం అక్కడా మోటే. నాకు అప్పుడే ఊరు నచ్చేసింది.

జూన్ 21, శుక్రవారం. ఇయెవ్‌దూహ్ బజారు

బయటివాళ్ళు బడా బజార్ అంటారు, ఖాసీలకు అది ఇయెవ్‌దూహ్. ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకు ఆనుకోవాల్సినంత సన్న సందులు, మెట్లు, మళ్ళీ సందులు. బుట్ట పట్టీ నుదుటికి తగిలించుకుని మూటలు మోసేవాళ్ళు వెనకనుంచి కేకేస్తుంటే పక్కకు తప్పుకోవాలి. అమ్మేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. ఖాసీల్లో ఇంటిపేరు తల్లిది, ఇల్లు చిన్న కూతురిది. గల్లాపెట్టె ముందు వాళ్ళు కూర్చున్న తీరులోనే ఆ ధైర్యం కనిపిస్తుంది.

ఒక చిన్న హోటల్లో, బల్లలు నాలుగే, మా పిల్ల జాదోహ్ తింది. "జా" అంటే అన్నం, "దోహ్" అంటే మాంసం, పంది మాంసంతో వండిన అన్నం. నేను పంది తినను. "జా స్తెమ్" అని పసుపన్నం పెట్టారు, పక్కన తుంగ్‌తాప్, అంటే కాల్చిన ఎండు చేపల పచ్చడి. వాసన కాస్త గట్టిది. ముద్దలో కలిపాక మాత్రం పచ్చి ఉల్లిపాయ, మిరపకాయ ముందుకొచ్చి ఎండు నెత్తళ్ళ పచ్చడి గుర్తొచ్చింది. రెండోసారి అడిగి వేయించుకున్నాను. ఇద్దరికీ కలిపి 210.

తర్వాత పిల్లల వాచకం కోసం తిరిగాం. దొరికిన కొట్టు యజమాని డెబ్బై దాటినాయన. ఖాసీ అక్షరమాల పుస్తకం 40 రూపాయలు. నేను టీచరునని చెప్పగానే లోపల్నుంచి స్టూలు తెచ్చి వేశాడు.

మొదటి పేజీ తెరిచాను. ఇంగ్లిషు అక్షరాలే, కానీ వరస వేరు. ఎ, బి తర్వాత సి ఉండాల్సిన చోట కె కూర్చుని ఉంది. అచ్చు తప్పేమో అనుకున్నాను. ఆయన నవ్వి విడమరిచాడు. జోన్స్ తన వెల్ష్ భాషలో లాగా ‘క’ శబ్దానికి సి వాడాడు. తర్వాతివాళ్ళు దాన్ని తీసేసి కె పెట్టారు. అక్షరం మారింది గానీ చోటు మారలేదు. అందుకే ఖాసీ పిల్లలు ఈనాటికీ ఎ, బి, కె అనే చదువుతారు. వెల్ష్ వడ్రంగి వేసిన పీటమీద వేరే అక్షరం కూర్చుందన్నమాట.

ఇంకొంచెం కిందికి పోతే జి తర్వాత ఎన్, జి రెండూ కలిపి ఒకే అక్షరంగా ఉంది. అదీ వెల్ష్ వరసే. నా వేలు అక్కడే ఆగిపోయింది. క, ఖ, గ, ఘ, ఙ. మనకూ ‘గ’ వెనకాలే ఆ శబ్దం. బడిలో ప్రతి ఏడూ ఒకటే చెప్పేదాన్ని: ఙతో మొదలయ్యే మాట ఉండదురా, రాయడం వస్తే చాలు. పిల్లలు దానికి తోక ఎటు తిప్పాలో తెలీక ఏడ్చేవాళ్ళు. కొట్టాయన ఆ అక్షరం మీద వేలు పెట్టి, "ఙా" అన్నాడు. తన గుండెమీద చెయ్యేసుకుని మళ్ళీ "ఙా" అన్నాడు. ఖాసీలో ‘నేను’ అనే మాట అది. ‘మేము’ అనడానికి "ఙి".

అక్కడే స్టూలు మీద కూర్చుని పదిసార్లు పలికాను. ముక్కులోంచి రావాలి, ‘గ’ తగలకూడదు. ఆయన ఓపిగ్గా దిద్దాడు. మనం వాడకుండా వదిలేసిన శబ్దంతో ఒక జాతి తనను తాను పిలుచుకుంటోంది. 31 ఏళ్ళ వయసులో ఓడ దిగిన ఒక వడ్రంగి దాన్ని సరిగ్గా విని, దానికొక గూడు కట్టాడు. అంతకుముందు శ్రీరామ్‌పూర్ మిషన్‌వాళ్ళు ఖాసీని బెంగాలీ లిపిలో రాశారు, అది జనంలో నిలవలేదు.

కొట్టాయన ఒక పాత కథ చెప్పాడు. ఒకప్పుడు ఖాసీలకూ లిపి ఉండేదట. దేవుడిచ్చిన అక్షరాలు పట్టుకుని ఒక ఖాసీ, ఒక మైదానంవాడు వరద నదిని ఈదుతున్నారు. మైదానంవాడు తనవాటిని జుట్టులో ముడేసుకున్నాడు. ఖాసీ పళ్ళ మధ్య కరిచిపట్టాడు. నడిమధ్య అల కొట్టేసరికి మింగేశాడు. అప్పట్నుంచి వాళ్ళ జ్ఞానమంతా కడుపులో, నోటిమాటలో ఉండిపోయిందట.

"మీరు చర్చికి వెళ్తారా?" అని మా పిల్ల అడిగింది. వెళ్ళనన్నాడు. ఆయనది సెంగ్ ఖాసీ, పూర్వీకుల మతాన్ని నిలబెట్టుకోవడానికి 1899లో పుట్టిన సంఘం. ఆ తరం పెద్దమనిషి జీబన్ రాయ్ 1896లో ఇక్కడే షిల్లాంగులో ‘రి ఖాసీ’ ప్రెస్సు పెట్టి, మిషన్‌వాళ్ళు తెచ్చిన అక్షరాలతోనే ఖాసీల సొంత మతం గురించీ ఆచారాల గురించీ పుస్తకాలు వేశాడు. "మతం వాళ్ళది వాళ్ళకి. అక్షరాలు మావి" అన్నాడు కొట్టాయన. పుస్తకానికి డబ్బు తీసుకున్నాడు గానీ రెండు పెన్సిళ్ళు ఊరికే ఇచ్చాడు.

జూన్ 22, శనివారం. సోహ్రా

మన జనరల్ నాలెడ్జి పుస్తకాల చిరపుంజికి అసలు పేరు సోహ్రా. దొరల నోట్లో అది చెర్రా అయింది. అక్కడివాళ్ళు సోహ్రా అనే అంటారు, ఇక నేనూ అంతే.

షేర్ సుమో తలా 120. యాభై కిలోమీటర్ల పైచిలుకు. మావ్‌క్‌డాక్ వంతెన దాటాక పొగమంచు కారును మింగేసింది. డ్రైవరు అద్దంలోంచి తల బయటపెట్టి నడిపాడు. ఈ కొండమీదే 1860 ఆగస్టు నుంచి ఏడాదిలో 26,461 మిల్లీమీటర్ల వాన కురిసింది. మా కడపలో 700 పడితే మంచి ఏడు.

దారంతా జోన్స్ గురించే ఆలోచన. తండ్రి వడ్రంగి, తనూ ఆ పనే చేశాడు. లండన్ మిషనరీ సొసైటీ ఇతని ఒంటికి ఇండియా పడదని ఆఫ్రికా వెళ్ళమంది. ఒప్పుకోలేదు. చివరికి వేల్స్ సంఘంవాళ్ళు సొంతంగా మిషన్ పెట్టుకుని, 1840 నవంబరులో లివర్‌పూల్‌లో ఓడెక్కించారు. పక్కన భార్య ఆన్. ప్రయాణంలోనే బిడ్డ పోయింది. ఏప్రిల్లో కలకత్తా, అక్కడినుంచి సిల్హెట్ మీదుగా కొండ కిందికి. ఇప్పుడు మనం ఉత్తరం నుంచి మెత్తగా ఎక్కుతాం. ఆయన దక్షిణపు గోడ ఎక్కాడు, సరిగ్గా ఇలాంటి జూన్ వానలో.

బజారులో దిగి నాంగ్‌సాలియా ఎటని అడిగాం. ఖాసీల మొదటి చర్చి అక్కడే. నా నోట్లో ఆ పేరు ఎలా పలికిందో, ఒకతను ధీమాగా చెయ్యి చూపించాడు. అరగంట నడిచాం. గొడుగు రెండుసార్లు తిరగబడింది. రోడ్డు పక్క బోర్డు మీద మావ్‌స్మాయ్ అని కనిపించాక తప్పొచ్చామని తేలింది. ముందుకు పోదామంటే దారి కనిపించదు.

రేకుల టీకొట్టొకటి దొరికింది. లోపల పొయ్యి దగ్గర ఒక కాంగ్, గళ్ళ శాలువా తలమీంచి కప్పుకుని ఉంది. మా చెప్పులు విప్పించి పొయ్యి పక్కన ఆరబెట్టింది. "షా సావ్" అంటే ఎర్ర టీ, పాలు లేకుండా. దాంతో పుథారో, బియ్యప్పిండితో వేసిన తెల్లటి మెత్తటి రొట్టె, మన అట్టుకు అక్కలా ఉంటుంది. నాలుగు రొట్టెలు, నాలుగు టీలు, 80 రూపాయలు. మేము ఎందుకొచ్చామో మా పిల్ల హిందీలో చెప్పింది. కాంగ్ పొయ్యి ఊదడం ఆపి మావైపు చూసింది. తర్వాత లేచి కువాయ్ తెచ్చింది.

దీని గురించి చెప్పి తీరాలి. కువాయ్ అంటే వక్క, ఆకు, సున్నం. మన తాంబూలమే అనుకుని నోట్లో వేసుకున్నాను. మన ఎండు వక్క వేరు, ఇది పచ్చి వక్క, నాలుగోవంతు ముక్క. నమిలిన నిమిషానికి చెవులు వేడెక్కాయి, మెడ వెనక చెమట పట్టింది, తడిసి వణుకుతున్న ఒళ్ళు కుదుటపడింది. ఇంటికొచ్చినవాళ్ళకు ముందు కువాయ్ పెట్టాలి, తర్వాతే మాటలు. ఊరికీ ఊరికీ ఎంత దూరమంటే ఇన్ని కువాయ్‌లని లెక్క చెప్పేవాళ్ళట పూర్వం. వాళ్ళమ్మ పోయిన ఏడు పోయిందని చెబుతూ కాంగ్ ఒక మాటంది, మా పిల్ల నాకు తిప్పి చెప్పింది: "అమ్మ ఇప్పుడు దేవుడింట్లో కువాయ్ తింటోంది." చనిపోయినవాళ్ళ గురించి ఖాసీలు అలాగే అంటారు. నాకు గొంతులో ఏదో అడ్డుపడింది, వక్క వల్ల కాదు.

వెదురుతో, ఆకులతో అల్లిన క్నుప్ ఒకటి వీపుమీద బోర్లించుకుని వాళ్ళ కూతురు మాతో నడిచింది, తాబేలు చిప్పలాంటి గొడుగది. ఎంత ఇవ్వబోయినా తీసుకోలేదు.

నాంగ్‌సాలియా చర్చి చేరేసరికి మూడయింది. వాన కాసేపు తెరిపిచ్చింది. మొదటి సంఘం 1846లో ఏర్పడింది, అంటే ఆయన వచ్చాక అయిదేళ్ళకు. ఆ అయిదేళ్ళు ఊరికే కూర్చోలేదు. వచ్చిన మరుసటి ఏడే మొదటి వాచకం అచ్చు వేయించి, సోహ్రా, మావ్‌స్మాయ్, మావ్‌మ్లూహ్‌లలో బడులు పెట్టాడు. రంపం పట్టడం, చిత్రిక పట్టడం నేర్పాడు. కట్టెలకు బదులు బొగ్గు వాడకం చూపించాడు. మాట నేర్చుకోవాలంటే పక్కన కూర్చుని పనిచేయాలని ఆయనకు తెలిసినట్టుంది. మంచి టీచరు గుర్తు అది, నా లెక్కలో.

జూన్ 23, ఆదివారం. ఊరంతా మూసి

సోహ్రాలో ఆదివారమంటే ఆదివారమే. పొద్దున టీ కోసం బయల్దేరితే ఒక్క కొట్టూ తెరవలేదు. సంచిలో ఉన్న చెక్కలు, వేరుశనగ ఉండలే పలహారం.

ఎక్కడ చూసినా జనం చర్చి దారిలోనే. ఆడవాళ్ళు జయిన్‌సెమ్ కట్టుకుని, రెండు భుజాల దగ్గర పిన్నులతో, బురద అంటకుండా అంచు పట్టుకుని నడుస్తున్నారు. వెనక బెంచీలో కూర్చోబోతే ఒక పెద్దాయన వచ్చి మధ్య వరసకు తీసుకెళ్ళాడు. ఆయన తిమ్మెన్ బసన్, సంఘ పెద్ద. పక్కనున్నామె తన పాటల పుస్తకం నాకూ అందేలా పట్టుకుంది. అందులో స్వరాలు గీతల మీద చుక్కలుగా లేవు. డి, ఆర్, ఎమ్ అని అక్షరాలుగా రాసి ఉన్నాయి, అచ్చం మన సరిగమల్లా. మామూలు రైతులు, కూలీలు, బడిపిల్లలు ఆ అక్షరాలు చూసి నాలుగు గొంతుకలుగా విడిపోయి పాడారు. బయట వాన రేకుల మీద దరువేస్తోంది. మగవాళ్ళ గొంతు కిందినుంచి లేచి బెంచీ చెక్కలోంచి నా అరచేతికి తగిలింది.

ప్రసంగం నాకు అర్థం కాలేదు. కానీ వింటూ ఒక్క శబ్దం కోసం వెతుక్కున్నాను. ఙా. ఙి. ఙి. ప్రార్థన నిండా అదే, ‘మేము’.

బయటికొచ్చాక ఆ పక్క బెంచీ ఆమె మమ్మల్ని వదల్లేదు. హోటళ్ళు లేవు, మా ఇంటికి రండంది. అన్నం, పప్పు, ఉడికించిన ఆవకూర, నల్ల నువ్వులతో కోడికూర. నువ్వులు నూరి వేయడం మాకూ ఉందంటే ఆమె సంబరం చూడాలి. వెళ్ళేటప్పుడు ఇద్దరికీ కువాయ్ పొట్లం కట్టిచ్చింది.

జూన్ 24, సోమవారం. అంచు

మావ్‌స్మాయ్ వైపు కొండ అంచున నిలబడితే కింద బంగ్లాదేశ్ మైదానం, కనుచూపు మేరా నీళ్ళు. మబ్బు పది నిమిషాలు తెరిచి మళ్ళీ మూసుకుంది.

ఆయన కథలో నొప్పి పుట్టించే భాగం నాకు అక్కడే గుర్తొచ్చింది. 1845లో పురుడు తర్వాత ఆన్ పోయింది. ఏడాది తిరక్కుండానే ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, చాలా చిన్న పిల్లను. అది నాకు నచ్చదు, ఏ కాలమైనా. మిషన్‌కూ నచ్చలేదు. వేరే తగాదాలూ కలిసి 1847లో ఆయన్ను తీసేశారు. జయంతియా కొండల వైపు పామ్రెంగ్‌లో వ్యవసాయం పెట్టుకున్నాడు. అక్కడా ఊరుకోలేదు. ఈ కొండల వ్యాపారమంతా గుప్పిట్లో పెట్టుకున్న హ్యారీ ఇంగ్లిస్ అనే వర్తకుడు జనాన్ని పీడిస్తుంటే, జనం పక్షాన ఫిర్యాదులు రాశాడు. ఇంగ్లిస్‌కు అధికారుల అండ ఉంది. చివరికి జోన్సే పారిపోవాల్సి వచ్చింది. అడవుల్లో దాక్కుని తిరుగుతుండగా మలేరియా పట్టుకుంది. 1849 సెప్టెంబరు 16న కలకత్తాలో కన్నుమూశాడు. అప్పటికి ముప్ఫై తొమ్మిదేళ్ళు.

పంపినవాళ్ళు వదిలేశారు. ఎవరికోసం వచ్చాడో వాళ్ళు మాత్రం వదల్లేదు. రెండు రోజులుగా ఎవరి నోట విన్నా ఆయన పేరు చెప్పేటప్పుడు గొంతు తగ్గించి, ఇంట్లో తాతను తలుచుకున్నట్టే చెప్పారు.

జూన్ 27, గురువారం. కోల్‌కతా, కరయా రోడ్డు

తిరుగుదారిలో ఒకరోజు కోల్‌కతాకు పెట్టుకున్నది ఇందుకే. స్కాటిష్ శ్మశానం పార్క్ సర్కస్ దగ్గర. 1820 నాటిది. టాక్సీ అతను మొదట వేరే శ్మశానానికి తీసుకెళ్ళాడు. ఈ ఊళ్ళో దొరల సమాధులు ఒకటా రెండా. మొత్తం 340 అయింది.

లోపల చెట్లు, తీగలు, విరిగిన స్తంభాలు. కొంత మేర శుభ్రం చేసి ఉంది. షిల్లాంగు నుంచి వచ్చామనగానే కాపలా మనిషి ఇంకేమీ అడగకుండా ముందు నడిచాడు. ఎవరి కోసమో అతనికి తెలుసు, ఖాసీలు వస్తూనే ఉంటారట. రాయి మీద ఖాసీ అక్షరమాలకూ సాహిత్యానికీ మూలపురుషుడని ఉంది.

మా పిల్ల సంచిలోంచి కువాయ్ పొట్లం తీసింది. ఆకు అంచులు నల్లబడ్డాయి, వక్క బాగానే ఉంది. ఒక ముక్క రాయి పక్కన పెట్టింది, ఒకటి కాపలా మనిషికిచ్చింది. ఇంకోటి చీల్చి మేమిద్దరం నోట్లో వేసుకున్నాం.

నేను వాచకం తెరిచాను. చిన్నప్పుడు అయ్యవారి ముందు చేతులు కట్టుకుని పాఠం అప్పజెప్పేవాళ్ళం, అలా నిలబడి ఇరవై మూడు అక్షరాలూ పైకి చదివాను. ఏడోదాని దగ్గర మొదటిసారి ‘గ’ తగిలింది. ఆగి, సరిచేసుకుని, మళ్ళీ మొదటినుంచి చదివాను.